సైకిళ్ల సైన్యం, ఫసలీ సంవత్సరం

నేను ఐర్లండ్ చూడలేదు. చూస్తానని కూడా ఎప్పుడూ అనుకోలేదు. కానీ రెండో ప్రపంచ యుద్ధం నాటి ఆ దేశపు సైన్యం గురించి అడిగితే గంటసేపు చెప్పగలను. సైకిళ్ల మీద తిరిగే దళాలు వాళ్లకు ఉండేవి. మామూలు లారీల చట్రాల మీద ఇనుప రేకులు బిగించి కొన్ని యుద్ధ వాహనాలను సొంతంగా కట్టుకున్నారు. బొగ్గు దొరకని ఆ ఏళ్లలో సైనికులే చిత్తడి నేలల్లోకి దిగి, ఊళ్లలో పొయ్యిలు మండటానికి, ఎండితే బొగ్గులా మండే అక్కడి మట్టిని పెళ్లలుగా కోసి ఎండబెట్టారు. నా చదువు పదో తరగతితో ఆగింది. ఇదంతా పఠన మందిరంలో బెంచీ మీద కూర్చుని సంపాదించుకున్నదే. ఆ మాట చెప్పుకోవడానికి నాకెప్పుడూ సిగ్గు లేదు.

ఈ సైన్యంతో నాకు పని పడింది ఒక ఆట వల్ల. కంప్యూటర్లో ఆడే యుద్ధ వ్యూహాల ఆట అది. పెద్ద దేశాల సైన్యాలను తయారుచేసినవాళ్లు శ్రద్ధగా చేశారు, చిన్న దేశాలను పేరుకు పెట్టి వదిలేశారు. ఆ ఖాళీలు నింపడానికి నెట్‌లో ఒక గుంపు ఉంది. ఏ ఏడు ఏ దళం పుట్టింది, దాని వేగమెంత, బలమెంత అని పుస్తకాలు చూసి రాసి ఆటలో చేర్చడం వాళ్ల పని. నిజామాబాద్‌లో నేను నడిపే జిరాక్స్ దుకాణంలో మధ్యాహ్నం పూట బేరాలు ఉండవు. నేనూ ఆ గుంపులో చేరాను. యుద్ధంలో దిగిన దేశాలను మిగతావాళ్లు పంచుకున్నారు. ఎవరి వైపూ చేరని ఐర్లండ్ మిగిలింది. అది నేను అడిగి తీసుకున్నాను.

నా దుకాణం పక్క మడిగెలో గడియారాలు బాగుచేసే భాయ్ ఉండేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద. అయినా నన్ను ‘అన్నా’ అనే పిలిచేవాడు, నేను ‘భాయ్’ అనేవాణ్ని. రోజూ పొద్దున దుకాణాలు తీయకముందు ఇద్దరం మా వాడలోని చిన్న పఠన మందిరానికి వెళ్లేవాళ్లం. దాతల చందాలతో నడిచేది అది. ఓ మూల ఉర్దూ పత్రికల బల్ల, దాని వెనక రెండు బీరువాల నిండా పాత ఉర్దూ పుస్తకాలు. భాయ్‌కి తెలుగు అక్షరాలు రావు, నాకు ఉర్దూ అక్షరాలు రావు. మాట మాత్రం ఇద్దరికీ రెండూ వచ్చు. అందుకని నేను తెలుగు పత్రిక చదివి వినిపించేవాణ్ని, ఆయన ఉర్దూ పత్రిక చదివి వినిపించేవాడు. ఒకే వార్త రెండింటిలో రెండు రకాలుగా ఉంటే ఆ పూట మాకు పండగే.

ఐర్లండ్ గురించి తెలుగులో నాకు దొరికింది తక్కువ. ఇంగ్లీషు నిఘంటువు పక్కన పెట్టుకుని చదివేవాణ్ని. ఒకరోజు భాయ్ ఆ బీరువాలోంచి అట్ట ఊడిన పుస్తకం ఒకటి దులుపుతూ తెచ్చాడు. నిజాం కాలంలో హైదరాబాదులో అచ్చయినది. యుద్ధపు మొదటి ఏళ్ల వార్తలన్నీ కూర్చిన పుస్తకం.

“అన్నా, ఇగో, నీ ఐర్లండు దొరికింది. యుద్ధంల దిగని దేశాలని ఒక బాబ్, ఒక పాఠం మొత్తం ఉన్నది ఇండ్ల.”

ఆ రోజు నుంచి ఆయన చదవడం, నేను పొడుగు నోటుబుక్కులో రాసుకోవడం. సైకిళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆయన కళ్లద్దాలు తీసి నవ్వాడు.

“గిదేం ఫౌజే అన్నా! యుద్ధానికి పోతున్నరా, ఎడపల్లి అంగడికి పోతున్నరా?”

“నవ్వకు భాయ్. పెట్రోలు లేకుంటే ఏం జేస్తరు పాపం?”

“మరి పంచరైతే? జర ఆగు భయ్, గాలి కొట్టుకొని వస్తమని దుష్మన్‌కు చెప్తరా?”

ఆటలో ఆ దళానికి వేగం ఎంత ఇవ్వాలో నాకు తేలలేదు. వయసులో ఉన్నప్పుడు భాయ్ సైకిల్ మీద బోధన్ పోయి చెరుకు ఫ్యాక్టరీ వాళ్ల గడియారాలు తెచ్చేవాడు. ఎంతసేపు పట్టేదని అడిగాను.

“రెండు గంటలు. ఎదురుగాలి ఉంటే అల్లా మాలిక్.”

ఆ రెండు గంటలనే లెక్కగట్టి ఆటలో పెట్టాను. ఐర్లండ్ సైకిల్ సైనికుల వేగం ఈనాటికీ అదే.

తేదీల దగ్గర నేను కొంచెం గొప్పకు పోయాను. పుస్తకంలో అన్నీ ఫసలీ సంవత్సరాలు. హైదరాబాదు సంస్థానపు పాత లెక్క అది. భాయ్ ఏదో చెప్పబోయాడు. “నాకు తెలుసు భాయ్, ఫసలీకి ఐదువందల తొంభై కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తది” అన్నాను. ఎక్కడో చదివి గుర్తుపెట్టుకున్న లెక్క. ఆయన “నువ్వు చదువుకున్నోడివి అన్నా” అని మళ్లీ పుస్తకంలోకి చూశాడు.

ఒకసారి మాత్రం ఆయన పుస్తకం మూసి అడిగాడు. “పక్క దేశం మీద బాంబులు పడ్తుంటే వీళ్లు తలుపు పెట్టుకొని కూసున్నరా?”

“చిన్న దేశం భాయ్. మొన్న మొన్న స్వతంత్రం వచ్చింది. ఎటు మొగ్గినా మునుగుతరు.”

“గది సరే. తలుపు సందుల నుంచన్న సూసిండ్రా లేదా?”

చూశారని, లోలోపల కొంత సాయం కూడా చేశారని నేను చెప్పాను. తటస్థత అంటే ఏమిటో పావుగంట చెప్పాను. అప్పట్లో ఆ మాట నాకు చాలా ఇష్టంగా ఉండేది.

తర్వాతి ఏడు పఠన మందిరంలో పరీక్షలకు చదువుకునే పిల్లలు ఎక్కువయ్యారు. గ్రూప్స్ అని, పోలీసు ఉద్యోగాలని, పొద్దున ఆరింటికే వచ్చి కూర్చునేవారు. మెట్ల మీద కూడా కూర్చుని చదివేవారు. వాళ్ల బాధ నిజమే. ఉర్దూ బల్ల, ఆ రెండు బీరువాలు తీసేస్తే ఆరు బెంచీలు పడతాయని కమిటీవాళ్లు లెక్క తేల్చారు. ఉర్దూ చదివేవాళ్లు నలుగురో ఐదుగురో మిగిలారు, అందరూ ముసలివాళ్లే. ఒక ఆదివారం పొద్దున పాఠకుల సమావేశం పెట్టారు.

దానికి ముందురోజు భాయ్ నా దుకాణానికి వచ్చాడు. “బల్ల పోతే పోనీ అన్నా, పేపరు నిలబడి చదువుకుంట. బీరువాలు ఉండనియ్యమని నువ్వొక్క మాట చెప్పు. నీ మాటకు ఇజ్జత్ ఉన్నది ఆడ.”

“చూద్దాం భాయ్” అన్నాను.

సమావేశంలో అధ్యక్షుడు అందరి ముందు నన్నే అడిగాడు. “సార్, ఇక్కడ మీ అంత చదివినోళ్లు లేరు. మీరేమంటరు?”

నేను లేచి నిలబడ్డాను. పిల్లలు చూస్తున్నారు. ఉర్దూ బల్ల దగ్గరి ముసలివాళ్లు చూస్తున్నారు. భాయ్ నా వైపు చూడటం లేదు. అంత నమ్మకంగా చేతిలోని టోపీని సరిచేసుకుంటున్నాడు. నా సైన్యంలో సగం ఆ బీరువాలోంచి వచ్చిందని చెప్పి ఉంటే సరిపోయేది. ఆ ఒక్క వాక్యం చాలు. కానీ ఆ క్షణాన రెండు వైపులవాళ్లూ నన్ను పెద్దమనిషి అనుకోవాలనిపించింది. రెండు వైపులా న్యాయం ఉందని, ఇందులో నేను తటస్థమని చెప్పి కూర్చున్నాను. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

చేతులు ఎత్తించారు. నేను ఎటూ ఎత్తలేదు. పుస్తకాలను మూటలు కట్టి దాతల్లో ఒకరి గోదాములో పెట్టారని తర్వాత తెలిసింది. బయటికి వచ్చేటప్పుడు మెట్ల మీద భాయ్ నాతో, “మంచిగ మాట్లాడినవ్ అన్నా” అన్నాడు. వెక్కిరింపు లేదు ఆ గొంతులో. వెక్కిరించి ఉంటే బాగుండేది.

మర్నాడు ఆయన పఠన మందిరానికి రాలేదు. ఆ తర్వాతా రాలేదు. దుకాణంలో పలకరిస్తే పలికేవాడు, అంతే. కొన్ని నెలలకు కళ్లు మసకబారి గడియారాల పని చేయలేక మడిగె ఖాళీ చేశాడు. బోధన్‌లో బిడ్డ ఇంటికి వెళ్లిపోతున్నట్టు నాకు చెప్పింది ఎదురుగా ఉన్న చాయ్ హోటలాయన.

నా సైన్యం పూర్తయింది. గుంపుకు పంపాను. పరీక్షించినవాళ్లలో ఒకరు రాశారు: అంతా బాగుంది కానీ, యుద్ధం వస్తుందని మీ ఐర్లండ్‌కు మిగతా ప్రపంచం కంటే ముందే ఎలా తెలిసింది? చూస్తే నిజమే. జర్మనీ ఇంకా పోలండ్ మీదికి పోకముందే నా సైనికులు వేలకు వేలు భర్తీ అయిపోతున్నారు. నోటుబుక్కు తీశాను. ‘ఫసలీ 1349, అమర్‌దాద్ నెల’ అని నా చేతిరాతే. పక్కనే ‘జూన్’ అని కూడా ఉంది. ఐదువందల తొంభై కలిపితే 1939 జూన్. ఎక్కడ తప్పిందో తెలియలేదు. పుస్తకం చూద్దామంటే పుస్తకం లేదు.

నెట్‌లో వెతికితే సరైన తేదీ దొరికేదే. వెతికాను, దొరికింది. 1940 జూన్. ఫైలులో సరిచేసి పంపేశాను కూడా. అయినా మర్నాడు నోటుబుక్కు సంచిలో పెట్టుకుని బోధన్ బస్సు ఎక్కాను.

భాయ్ వరండాలో కుర్చీ వేసుకుని, ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఉర్దూ వార్తలు వింటున్నాడు. నా గొంతు విని ఫోను ఆపాడు.

“రండి రండి. కూసోండి. బేటీ, నిజామాబాద్ నుంచి సారొచ్చిండు, చాయ్ పెట్టు.”

నేను నోటుబుక్కు తీసి తేదీ చదివాను. ఆయన ఆలోచించను కూడా లేదు.

“ఫసలీ సాలు జనవరిల షురూ గాదు సార్. ఆజూర్ నెలల షురూ అయితది, అంటే అక్టోబర్. డిసెంబర్ దాక మీ ఐదువందల తొంభై సరిగ్గ నడుస్తది. జనవరి నుంచి ఐదువందల తొంభై ఒకటి కలపాలె. మా తాత భూమి కాయిదాలు చదివి నేర్సుకున్న.”

“అప్పుడే చెప్పకపోతివి భాయ్.”

“మీకు తెలుసన్నరు గద.”

చాయ్ వచ్చింది. తాగుతూ నేను ఆ ఆదివారం సంగతి ఎత్తాను. తప్పు చేశానన్నాను. ఆ మూటల కోసం కమిటీవాళ్లను అడుగుతానన్నాను.

“పిల్లలు చదువుకోనీ సార్. ఇప్పుడవి వచ్చినా నాకు అక్షరం కనబడదు.” చాయ్ కప్పు కింద పెట్టి అడిగాడు. “మరి మీ ఐర్లండు ఏమైంది ఆఖరికి? ఎవరన్న మీద పడ్డరా?”

“లేదు భాయ్. ఎవరూ రాలే. యుద్ధం అయిపోయింది.”

“మంచిగైంది. మరి పక్క దేశపోళ్లు వీళ్లతోటి మాట్లాడిండ్రా మళ్ల?”

“మాట్లాడిండ్రు.”

“ఎన్ని ఏండ్లు పట్టింది?”

“శానా ఏండ్లు.”

ఆయన తల ఊపాడు. “వాళ్లవి దేశాలు. ఏండ్లు ఉంటయి.”

నమాజు వేళ అయింది. చేతికర్ర కోసం తడుముకుంటుంటే అందించాను. తీసుకుని “శుక్రియా” అన్నాడు. తోడు వస్తానంటే వద్దన్నాడు, తొవ్వ తెలుసన్నాడు. గోడ పట్టుకుని సందులో నెమ్మదిగా నడిచాడు. పడతాడేమోనని నేను వెనకాల కొంత దూరం వెళ్లాను. ఆయన ఆగాడు, వెనక్కి తిరగలేదు. నేనూ ఆగిపోయాను. అప్పుడు మళ్లీ నడవడం మొదలుపెట్టాడు.