పడుగు కింద వంగకుండా నడిచిన పిల్ల

అది 2024 వానాకాలం. స్పీచ్ థెరపిస్టుగా నాకు అప్పటికే చాలా ఏళ్ల అనుభవం ఉంది. ఇల్లూ, క్లినిక్కూ జగిత్యాలలో. వారంలో ఒకరోజు కోరుట్లలో, మంగళవారాలు సిరిసిల్లలో పేషెంట్లను చూసేదాన్ని. సిరిసిల్లలో నా గది ఒక ఫిజియోథెరపీ సెంటర్ పై అంతస్తులో ఉండేది. కిటికీ తెరిస్తే వెనక సందులోంచి సాంచెల చప్పుడు లోపలికొచ్చేది. మరమగ్గాలను అక్కడ సాంచెలంటారు. ఆ చప్పుడులో పేషెంటు మాట వినపడదని కిటికీ మూసేదాన్ని. కాసేపటికి ఉక్కపోత తట్టుకోలేక మళ్లీ తెరిచేదాన్ని.

స్పీచ్ థెరపీ అంటే నత్తి ఉన్న పిల్లలకు మాటలు నేర్పడమే అనుకుంటారు చాలామంది. నిజానికి నా దగ్గరికొచ్చేవాళ్లలో ఎక్కువమంది పక్షవాతంతో మాట పోయినవాళ్లు. దీన్ని అఫేషియా అంటాం. మెదడులో మాటలుండే చోట దెబ్బ తగులుతుంది. ఎదుటివాళ్లు చెప్పేది చాలావరకు అర్థమవుతుంది. తను చెప్పాలనుకున్నదీ మనసులో ఉంటుంది. నోటికి మాత్రం రాదు.

రాజేశం గారిని ఆయన కూతురు సుజాత తీసుకొచ్చింది. ఆయనకు డెబ్బైకి దగ్గర వయసు. చిన్నతనంలో చేతిమగ్గం, తర్వాత జీవితమంతా సాంచెల మీద పని. భార్య చనిపోయాక కూతురి దగ్గరే ఉంటున్నాడు. కుడి చెయ్యీ కాలూ పడిపోయి, కాలికి మాత్రం కొంచెం కదలిక తిరిగి వచ్చింది. సుజాత బట్టలు కుడుతుంది. ఆ రోజు కూడా మెడలో కొలతల టేపు అలాగే ఉంది, తీయడం మరిచిపోయినట్టుంది.

"మాటలన్నీ పోయినయి మేడం. ఒక్కటే మాట అంటుండు. అన్నం తింటవా అన్నా గదే, నొప్పున్నదా అన్నా గదే," అంది.

"ఏ మాట?"

సుజాత చెప్పేలోపే ఆయన అన్నాడు. "చెల్లె."

"మీకు చెల్లెలుందా బాపూ?" అని అడిగాను.

ఆయన నా వైపు చూసి, ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. అప్పటికి ఆయన అవును, కాదు అని తలూపడం కూడా నమ్మేలా లేదు. ఒకదానికి బదులు ఇంకొకటి ఊపేవాడు.

"చెల్లె లేదు మేడం. మా బాపుకు ఒక్క అక్కనే. కోరుట్లల ఉంటది, బీడీలు చేస్తది," అంది సుజాత.

కంగారు పడొద్దని సుజాతకు చెప్పాను. అన్ని మాటలూ పోయి ఒక్క మాట నాలుకకు అతుక్కుపోవడం ఈ జబ్బులో మామూలే. దాన్ని రికరింగ్ అటరెన్స్ అంటాం. ఒకాయన ఎప్పుడూ "బస్సు బస్సు" అనేవాడు, ఆయన బతుకులో బస్సుకు ప్రత్యేకత ఏమీ లేదు. ఆ మాటకు అర్థం వెతకొద్దు అన్నాను. చదువుకున్నదీ, అప్పటిదాకా చూసిందీ అదే.

మొదటి వారాలు కష్టంగా గడిచాయి. బొమ్మల కార్డులు చూపించాను. ఆవు, గొడుగు, అరటిపండు. ఆయన ఒక్కో కార్డు ఎడమచేత్తో పట్టుకుని, పెదవులు కదిపి, చివరికి "చెల్లె" అని, అది కాదని తనకే తెలిసి కార్డు బోర్లా పెట్టేసేవాడు. అంకెలూ వారాల పేర్లూ కొందరికి అలవాటు మీద వస్తాయి. వీటిని ఆటోమేటిక్ స్పీచ్ అంటాం, మాటల తలుపు తెరవడానికి మొదట పట్టుకునేది అదే. ఆయనకు ఒకటి, రెండు దాకా వచ్చి ఆగిపోయేది.

ఒక మంగళవారం సుజాత తన మేనత్తను వెంటబెట్టుకొచ్చింది. పేరు లసుమవ్వ. మోకాళ్ల నొప్పులతో అప్పటిదాకా రాలేకపోయిందట. కోరుట్ల నుంచి కథలాపూర్, చందుర్తి మీదుగా బస్సులో వచ్చింది. చిన్న మనిషి, దగ్గరికి వస్తే పొగాకు వాసన. చెప్పులు బయట విడిచి, నేను చూపించిన కుర్చీని తమ్ముడి పక్కకు జరుపుకుని కూర్చుంది.

"రాజం, నన్ను గుర్తువట్టినవా?"

ఆయన ఎడమచేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "చెల్లె," అన్నాడు.

సుజాత నవ్వింది. "చూడు అత్తా, నిన్నే చెల్లెను చేసిండు."

లసుమవ్వ నవ్వలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన మణికట్టు వదల్లేదు.

"నన్ను గాదు బిడ్డ. భూలచ్చిని," అంది.

"భూలచ్చి ఎవలత్తా?"

"మా చెల్లె. రాజం ఎనుక పుట్టింది. బతుకమ్మ పండుగ ఎల్లినంక జరమచ్చి పోయింది. మా అవ్వ అన్నం ముట్టకపోయేది, పొద్దంత తలుపు దిక్కు చూస్తుండేది. గప్పుడు మా నాయిన చెప్పిండు, ఈ ఇంట్ల దాని పేరు ఎవలు తియ్యద్దని. మేం తియ్యలే. అవ్వ పోయింది, నాయిన పోయిండు. గప్పుడు సుత తియ్యలే."

యాభై ఏళ్లకు దగ్గరపడిన సుజాతకు తనకింకో మేనత్త ఉండేదని ఆ గదిలో తెలిసింది.

"మీరిద్దరూ కూడా ఎప్పుడూ మాట్లాడుకోలేదా పెద్దమ్మా?" అని అడిగాను.

"ఏం మాట్లాడుతం బిడ్డ. ఆన్ని చూస్తే నాకు అదే యాదికొస్తది. నన్ను చూస్తే ఆనికి గదే. అందుకే ఇద్దరం కూసున్నప్పుడు వేరే ముచ్చట్లు పెట్టుకునేది."

ఆయన నోట్లో మిగిలిన ఆ ఒక్క మాట నిజంగా ఆ పిల్ల గురించేనా? నాకు తెలియదు. ఇప్పటికీ అవునని చెప్పలేను. కానీ ఆ రోజు అక్క ఏడుస్తుంటే ఆయన కళ్లు ఆమె ముఖం మీంచి కదల్లేదు. అంతకుముందు ఏ కార్డు వైపూ ఆయన అలా చూడలేదు. "వచ్చే మంగళవారం కూడా రాగలరా?" అని ఆమెను అడిగాను.

"ఆడోళ్లకు బస్సుకు టికెట్ సుత లేదాయె. అస్త," అంది.

అలా దాదాపు ప్రతి మంగళవారం వచ్చింది. నేను కార్డులు బ్యాగులోంచి తీయడం మానేశాను. ఒక వాక్యం మొదలుపెట్టి చివరి మాట పేషెంటుకు వదిలేయడం మాలో వాడుకలో ఉన్న పద్ధతే. ఆ వాక్యాలు ఇప్పుడు వాళ్ల చిన్ననాటి నుంచి వచ్చేవి. ఆమె చెప్పుకుంటూ పోతుంటే ఎక్కడ ఆగాలో నేను సైగ చేసేదాన్ని.

వాళ్ల చిన్ననాటి ఇల్లు సిరిసిల్లలోనే, ఇప్పుడు అక్కడ దుకాణాలున్నాయి. ఒకటే గది, అందులో సగం గుంటమగ్గం. తండ్రి మగ్గంలో కూర్చుంటే పిల్లలు ముగ్గురూ బడికి పోయేముందు కండెలు చుట్టాలి, అంటే మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడెలో పెట్టే చిన్న పుల్లలకు నూలు చుట్టడం. అది అయితేనే గట్క, చల్ల. మక్క రవ్వతో వండే ఆ గట్క వేడిగా ఉంటే పళ్లెం అంచు నుంచి తినాలని లసుమవ్వ వాళ్లకు నేర్పింది. భూలచ్చి వినేది కాదు. మధ్యలో వేలు పెట్టి కాల్చుకునేది.

"పొద్దున లేస్తే వాడకట్టంత పడుగు సాపేటోళ్లు," అని చెప్పింది ఒకరోజు. పడుగు అంటే బట్టకు నిలువు దారాలు. వాటిని వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా కట్టి, గంజి రాసి, ఎండకు ఆరబెట్టేవాళ్లు. "తడి దారాలకు తాకితే మా నాయిన కొట్టేటోడు. బడికి పోవాలంటే గా పడుగు కిందికెల్లే పోవాలె. నేను వంగి పోయేదాన్ని, రాజం వంగి పోయేటోడు. నిట్టనిలువుగ పోయేది ఎవలు రాజం? తల ఎత్తుకోని పోయేది ఎవలు?"

ఆయన పెదవులు దగ్గరికొచ్చాయి. మెడ నరాలు ఉబ్బాయి. సాయం చేద్దామని నేను మొదటి అక్షరం అందించబోయాను. లసుమవ్వ నా చెయ్యి మీద చెయ్యి వేసి ఆపింది.

"భూ... లచ్చి," అన్నాడు.

అలవాటు మీద వచ్చే ఆ రెండు అంకెలు కాక, జబ్బుపడ్డాక ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి కొత్త మాట అది. సుజాత గోడ వైపు తిరిగి నిలబడింది. లసుమవ్వ తమ్ముడి తల నిమిరి, "అవు రాజం, భూలచ్చే. మనమేమో వంగుకుంట పోయేటోళ్లం. అదేమో వంగేటంత పెరగనే లేదు," అంది.

ఆ తర్వాత మాటలు ఒక్కొక్కటిగా వచ్చాయి. అక్క. గంజి. కండె. గట్క. ఆయన యాభై ఏళ్లు పనిచేసిన సాంచెల మాటలు రాలేదు, రోజూ చూసే టీవీ, ఫోన్ రాలేదు. అన్నీ ఆ ఒక్క గది ఇంట్లోవే. వాటి వెంట నీళ్లు, అన్నం, నొప్పి కూడా వచ్చాయి. ఇంట్లో అవసరానికి అవి చాలు. సుజాత ముఖంలో నిద్ర తీరిన కళ కనిపించింది.

చివరి బతుకమ్మ గురించి లసుమవ్వ ఒక్కసారే చెప్పింది. గునుగు పూలు తెల్లగా ఉంటాయి, రంగు అద్దితేనే బతుకమ్మకు అందం. రాజేశం చేనుగట్ల వెంట తిరిగి ఒళ్లోకి పట్టినన్ని తెంపుకొచ్చాడు. ఇంట్లో నూలుకు వేసే రంగు కుండ అడుగున మిగిలి ఉంది. భూలచ్చి పూలతోపాటు రెండు చేతులూ మోచేతుల దాకా ముంచింది.

"అది పోయిన్నాడు సుత చేతుల రంగు పోలె. మా అవ్వ ఉడుకు నీళ్లు పోసి తోమింది బిడ్డ. తెల్లటి చేతులతోని సాగదోలాలెనని తోమింది. పోలె."

"ఎర్ర," అన్నాడు రాజేశం గారు. కాసేపాగి మళ్లీ అన్నాడు. "ఎర్ర."

ఆ రోజు ఇంకేమీ చేయించలేదు. ముగ్గురికీ టీ తెప్పించాను. అక్కాతమ్ముళ్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నారు. కిటికీ మూయలేదు.

చలికాలంలో లసుమవ్వకు దగ్గు పట్టుకుంది. బీడీలు చేసేవాళ్లకు ఇది ఉండేదే కదా అని ఆమె లెక్కచేయలేదు. ఒక మంగళవారం రాలేదు, తర్వాతిది కూడా రాలేదు. ఆ వారమే సుజాత ఫోన్ చేసి చెప్పింది, కోరుట్లలో తెల్లవారేసరికి పోయిందని. ఆయన్ను ఆటోలో పడుకోబెట్టి తీసుకెళ్లారట.

"పాడె పక్కపొంటి కూసోబెట్టినం మేడం. ఏం అనలే. అక్క అనుడు వస్తది గద ఆయనకు, గది సుత అనలే," అంది.

మళ్లీ వచ్చేసరికి ఆయన దగ్గర మొదటి రోజు మాట ఒక్కటే మిగిలింది. గంజి లేదు, గట్క లేదు. స్కానింగ్‌లో కొత్తగా ఏమీ కనిపించలేదని డాక్టరు చెప్పాడు. నేను లసుమవ్వ వాక్యాలనే మొదలుపెట్టి చూశాను. నా గొంతులో అవి ఆయనకు పట్టలేదు. విని, మర్యాదగా తలదించుకునేవాడు.

ఒకరోజు సుజాత అడిగింది. "మేడం, మా అత్త చెప్పినయన్ని మీకు యాదికున్నయా? నేను కొన్నిసార్లు కిందికి పోతుంటి. నా బిడ్డలకు చెప్పుకుంట. ఫొటో సుత లేదాయె."

నాకు గుర్తున్నంతవరకు చెప్పాను. వేలు కాల్చుకోవడం, పడుగు కింద నడవడం, రంగు. ఆఖరి పండుగకు ఆ పిల్ల ఏం కట్టుకుందో కూడా లసుమవ్వ చెప్పిన గుర్తు. తండ్రి మగ్గం మీద మిగిలిన బట్టతో కుట్టిన పచ్చ లంగా, తలనిండా బంతిపూలు.

రాజేశం గారు గట్టిగా తల అడ్డంగా ఊపాడు. అప్పటికి ఆయన అవును, కాదు కచ్చితంగా చెప్పగలుగుతున్నాడు. నేను చెప్పిందాంట్లో ఏదో తప్పుంది.

"లంగా కాదా బాపూ?" కాదు అని ఊపాడు. "రంగు వేరేనా?" కాదు. "పువ్వులా?" ఆగాడు, మళ్లీ కాదన్నాడు. ఎడమచెయ్యి ఎత్తి చెవి దగ్గర పెట్టి, వేళ్లతో ఏదో చూపించాడు. కమ్మలా అని సుజాత అడిగింది. జడనా, దెబ్బ తగిలిన మచ్చనా, పుట్టుమచ్చనా. ఒక్కటీ కాదు. ఆయన ముఖం ఎర్రబడింది. నోరు తెరిచాడు, ఒక్క మాట వచ్చింది, అది కాదని కళ్లు మూసుకున్నాడు. చెవి దగ్గరి చెయ్యి మెల్లగా ఒళ్లోకి దించుకున్నాడు. మేం అడగడం ఆపాం.

ఎండాకాలం దాకా వచ్చి, తర్వాత మానేశారు. ఇంట్లో మంచిగానే ఉన్నాడని సుజాత చెబుతుంది. ఆ పిల్ల ముఖం చూసినవాళ్లలో ఇప్పుడు ఆయన ఒక్కడే మిగిలాడు.

ఆ కేసు తర్వాత నా పని తీరు మారింది. మాట పోయినవాళ్లు ఎవరొచ్చినా ముందు వాళ్ల చిన్ననాటి మనిషి ఎవరైనా బతికి ఉన్నారా అని అడుగుతాను. ఉన్నారంటే ఆలస్యం చెయ్యకుండా పిలిపించమంటాను. వాళ్లొస్తే గంట అయిపోయిందని లేవను. ఒక మాట తిరిగి రావడానికి నా చదువు కొంతవరకు పనికొస్తుంది. ఆ మాట వెనకున్న మనిషి ఎలా ఉండేదో చెప్పగలిగేది మాత్రం పక్కన పెరిగినవాళ్లే.