మా నాన్న కుడిచేతి అక్షరాలు

మొన్న కరెంటు వాళ్ళు వచ్చి, తీగలకు తగులుతున్నాయని మా వీధి చివర చింతచెట్టు కొమ్మలు నరికిపోయారు. ఆ పచ్చిబెరడు వాసన కిటికీలోంచి లోపలికి రాగానే, డెబ్బై దాటినదాన్ని, మనవరాలికి జడ వేస్తున్నదాన్ని, ఉలిక్కిపడి ఎడమచెయ్యి కొంగులో దాచుకున్నాను. "ఏంటమ్మమ్మా, ఏం కుట్టింది?" అంది అది. ఏమీ కుట్టలేదు. మా నాన్న గుర్తొచ్చాడు, అంతే.

జగ్గయ్యపేట, నందిగామ మధ్య పల్లెల్లో నాన్నని అందరూ బర్మా మాస్టారనేవాళ్ళు. పెద్ద యుద్ధంలో బర్మా వెళ్ళి, కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ అక్కడే పోగొట్టుకొచ్చి, మా ఊరి ఎలిమెంటరీ స్కూల్లో చేరాడు. మిగిలిన మూడు వేళ్ళకీ సుద్దముక్క నిలవదు కాబట్టి బోర్డు మీద ఎడమచేత్తోనే రాసేవాడు, ముత్యాల్లాంటి అక్షరాలు. కొట్టేదీ ఆ చేత్తోనే. మిరపకళ్ళాల ఘాటుకి బడంతా తుమ్ములతో దద్దరిల్లే మాఘమాసంలోనూ, మునేటికి నీళ్ళొచ్చి సగంమంది పిల్లలు ఈతకి పారిపోయే శ్రావణంలోనూ, పొద్దున కోసిన చింతబరికె మధ్యాహ్నానికల్లా చివర చీలిపోవలసిందే. ఎక్కం తప్పితే పిక్కల మీద, ఆలస్యమైతే అరచేతుల మీద. అబద్ధమాడితే కోదండం. అంటే దూలానికి కట్టిన తాడు పట్టుకుని పిల్లవాడు వేలాడుతుంటే కాళ్ళ మీద వాయించడం. చెయ్యి జారితే కింద పరిచిన పల్లేరుకాయల్లో పడతాడు. "కళ్ళు రెండూ ఉంచండి మాస్టారూ, తోలు మీ ఇష్టం" అని తల్లిదండ్రులే నవ్వుతూ అప్పగించిపోయే రోజులవి.

ఇంట్లో ఆయన వేరే మనిషని చెప్పను, అదే మనిషి. కాకపోతే జగ్గయ్యపేట నుంచి సైకిలు మీద వస్తూ జేబుల నిండా మరమరాల ఉండలు తెచ్చేవాడు, జొన్నరొట్టెలో మెత్తటి నడిమిముక్క నాకే తుంచి పెట్టేవాడు. అమ్మ అన్నం ముద్దలు చేసి కంచంలో పెడితే మూడు వేళ్ళతో ఎత్తుకుని తినేవాడే గాని, ఎడమచేతిని కంచం దరిదాపులకి రానిచ్చేవాడు కాదు.

దసరాకి పంతుళ్ళు పిల్లల్ని వెంటేసుకుని, రంగుకాగితాలు అంటించిన విల్లంబులతో ఇల్లిల్లూ తిరిగి పాటలు పాడించేవాళ్ళు, ఇంటివాళ్ళు మా దోసిళ్ళలో పప్పుబెల్లాలు పోసేవాళ్ళు. నా ఏడో ఏట అలాగే మునసబుగారింటికి వెళ్ళాం. ఆయనకి సరదా పుట్టి, బొగ్గుముక్క తెప్పించి, "ఏదీ, ఒక్కొక్కళ్ళే వచ్చి అరుగు మీద పేరు రాయండర్రా" అన్నాడు. మొదటివాడు ఎడమచేత్తో రాశాడు. రెండోవాడూ అంతే. ఆ ఏడే మొదటిసారి నాన్న చేతికొచ్చిన చిన్నతరగతి పిల్లలం, తొమ్మిదిమందిమీ ఎడమచేత్తోనే రాశాం. మాస్టారు ఏ చేత్తో రాస్తే అదే రాసే చెయ్యి అనుకున్నాం మరి. పలకలు ఒళ్ళో పెట్టుకుని వంగి రాసేవాళ్ళం. నాన్న అక్షరం చూసేవాడు గాని చెయ్యి చూసేవాడు కాదు.

"ఇదేం చదువండీ మాస్టారూ, రేపు అన్నం కూడా ఆ చేత్తోనే తింటారేమో!" అన్నాడు మునసబు. "మావాణ్ణి ఇంక పంపను, గొడ్లు కాసుకుంటాడు" అంది చూడ్డానికొచ్చిన తల్లుల్లో ఒకావిడ. ఇంకో ఇద్దరు తలూపారు. నాన్న మమ్మల్ని వెనక్కి తోలుకొచ్చేశాడు.

సెలవులైన మర్నాడు, ఆ తల్లిదండ్రులంతా గుమ్మంలో నిలబడి చూస్తుండగా, మొదట నన్నే పిలిచాడు. సొంత కూతుర్ని వదిలేశాడన్న మాట రాకూడదు. "చెయ్యి బల్ల మీద పెట్టమ్మాయ్." ఆరోజు బరికె కాదు, నల్లతుమ్మ రూళ్ళకర్ర. మొదటి దెబ్బకి గోరు నల్లబడింది. రెండోదానికి తోలు చిట్లి బల్ల మీద రక్తం పడింది. "ఈ చేత్తో రాస్తావా?" "రాయను నాన్నా." మూడో దెబ్బకి నడిమివేలు ఎండుపుల్లలా చిటుక్కుమంది. "మరి నువ్వు రాస్తావుగా!" అని అరిచాను. ఆ మాటకి నాలుగోది పడింది. నన్ను పక్కకి నెట్టి మిగతా ఎనిమిదిమందినీ కూడా కొట్టాడు. పెద్దవాళ్ళు తృప్తిగా పొలాలకి పోయారు.

అమ్మ నా వేలు చూసింది. ఇంట్లో ఉన్న బరికెలూ రూళ్ళకర్రా పొయ్యిలో పెట్టి, ఆ మంట మీదే అన్నం వండింది. "ఇంకోసారి పిల్ల మీద చెయ్యి పడిందా, ఆ చెయ్యి కూడా బర్మాలోనే పోయిందనుకోండి" అంది. నాన్న నన్ను సైకిలు మీద నందిగామ తీసుకెళ్ళాడు. అక్కడ కట్లు కట్టే ఆయన ఎముక లాగుతుంటే నేను నాన్న ముంజేతిని రక్తం వచ్చేలా కొరికాను. నాన్న చెయ్యి లాక్కోలేదు. ఎముకని సరిచేసి, కోడిగుడ్డు సొనా మినప్పిండీ పట్టించి, వెదురుబద్దలు పెట్టి కట్టారు. వేలు అతికింది గాని వంకరగానే అతికింది.

ఆ తర్వాత రోజూ తెల్లవారుజామున గొడ్లచావిట్లోంచి పలక చప్పుడు వినిపించేది. ఒకరోజు తొంగిచూశాను. మూడు వేళ్ళకీ సుద్దముక్కని గుడ్డపేలికతో బిగించి కట్టుకుని నాన్న అక్షరాలు దిద్దుతున్నాడు. సుద్ద విరిగినప్పుడల్లా మమ్మల్ని తిట్టినట్టే, "రాయరా వెధవా, రాయరా" అని ఆ చేతిని గుంజకేసి కొట్టుకుంటున్నాడు. కణుపుల మీద తోలు లేదు. నాకు జాలి వేయలేదు, బాగా అయిందనిపించింది. ఆ మాట దాచుకోను.

మిరపకోతలు మొదలయ్యేసరికి బోర్డు మీద కుడిచేత్తో గుమ్మడికాయంత 'అ' రాశాడు. వంకరటింకరగా ఉంది. "చూశారుగా, ఈ చేత్తో" అన్నాడు. ఎవరం నవ్వలేదు. తొమ్మిదిమందిమీ బలపం చెయ్యి మార్చుకున్నాం. బళ్ళోంచి ఒక్క పిల్లవాడూ గొడ్ల వెంట పోలేదు. బరికెలు మళ్ళీ కోశాడు, అది మానలేదు. రాసే చేతి గురించి మాత్రం ఇంకెవర్నీ కొట్టలేదు. హెడ్మాస్టరై నందిగామలో రిటైరయ్యేదాకా అవే వంకర అక్షరాలు.

తొంభై దాటి బతికాడు. మంచానపడ్డాక ఒక మధ్యాహ్నం నా ఎడమచెయ్యి తీసుకుని, వంకరవేలుని తన మూడు వేళ్ళతో తడిమి, "నొప్పిగా ఉందామ్మా?" అన్నాడు. యాభై ఏళ్ళలో అదే మొదటిసారి అడగడం. "లేదు నాన్నా" అన్నాను. అబద్ధం. ఆయన బళ్ళో అయితే దానికి కోదండమే. నాన్న పోయాక దినానికొచ్చిన పాతపిల్లలు తిన్న దెబ్బలు చెప్పుకుని, మాస్టారు కొట్టబట్టే ఇంతవాళ్ళమయ్యామని నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు.

ఆ బడి ఇప్పుడు లేదు. దూలమూ తాడూ లేవు. వాటి కోసం నాకు ఏ బెంగా లేదు. ఆ చావిట్లో పలక చప్పుడు కోసం మాత్రం ఉంది. జడ సగంలో వదిలేసిన నా చేతిని మనవరాలు కొంగులోంచి బయటికి లాగి, వంకరవేలు అటూఇటూ తిప్పి చూసింది.

"నొప్పిగా ఉందా అమ్మమ్మా?"

"ఉందే" అన్నాను.