వెర్నా పిన్ని టబ్బు

మా మోంటానాలో ఆవులు ఈనే కాలంలో మంచు తుపాను పట్టిందంటే ఏ ఇంట్లోనూ మనుషులకు స్నానాలుండవు. చలికి కొయ్యబారిన దూడలు టబ్బుల్లో, వేణ్ణీళ్ళలో పడుకుని ఉంటాయి. వెర్నా పిన్ని టబ్బులో మాత్రం పూలకుండీలుంటాయి. ఆవిడ గాలొవే జాతి ఆవులు పొట్టివి, ఒళ్ళంతా రెండు పొరల బొచ్చు. పక్కవాళ్ళ పశువులు ముట్టని గడ్డి తినే కండపడతాయి. వీపున మంచు మోస్తూనే ఈని, దూడను నాకి లేపేస్తాయి. పిన్ని కంచెకు ఆనుకుని, చేతులు చంకల్లో దోపుకుని చూస్తుంటుంది. "గొంగళిపురుగుల్ని మేపుతోందిరా!" అని సంతలో అందరికన్నా గట్టిగా నవ్వేది పొరుగు డ్వెయినే.

ఈ ఏడు తుపానులో అతనే బిగుసుకుపోయిన దూడను భుజాన వేసుకొచ్చాడు. "మా టబ్బు నిండిపోయింది, పిన్నీ."

పిన్ని కుండీలు తీసి, మోచేతితో నీళ్ళ వేడి చూసి, దూడ తల నీళ్ళలో మునక్కుండా పట్టుకు కూర్చుంది. చాలాసేపటికి అది చెవులాడించింది. డ్వెయిన్ కిటికీలోంచి పిన్ని ఆవులకేసి చూస్తూ గొణిగాడు: "ఈ ఏటికి మా ఆవులకు నీ ఆబోతునొకదాన్ని తోలుకుపోనా?"

"నా దగ్గరున్నవి గొంగళిపురుగులే కదరా!" అంటూ పిన్ని అతని చేతిలో ఒక పూలకుండీ పెట్టింది. "ఇదీ పట్టుకుపో. పై ఏటికి నీ టబ్బూ ఖాళీయే."