మూత ఉన్న నీలం బక్కెట్టు

మా బాత్రూం తలుపు వెనక మూత ఉన్న నీలం బక్కెట్టు ఒకటి ఉంటుంది. దాని మూత తీసిన ప్రతిసారీ నేను మొహం పక్కకి తిప్పుకుంటాను. అలవాటవుతుందిలే అంటాడు మా ఆయన. ఇన్నేళ్ళయినా అవలేదు, ఇక అవదు కూడా. అందులో ఉండేవి మా ఇంటి మాసిన బట్టలైతే ఏదోలా సర్దుకుందును. అవి మా ఆయన వ్యాన్ తుడిచిన గుడ్డలు. అంటే ఊరందరి మురికీ అన్నమాట.

మా ఆయన డ్రైవరు. కిడ్నీ జబ్బు వాళ్ళని ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళి, అక్కడ మిషను మీద రక్తం శుభ్రం చేశాక మళ్ళీ ఇళ్ళ దగ్గర దింపుతాడు. వెళ్ళేటప్పుడు అందరూ బాగానే ఉంటారు. వచ్చేటప్పుడే కొందరికి కళ్ళు తిరుగుతాయి, వాంతులవుతాయి. చేతికి సంచీ ఇచ్చినా అది సంచీలోనే పడాలని ఎక్కడుంది? సీటు సందుల్లో బిస్కెట్ ముక్కలు, జారిపడి కరిగిన మాత్రలు, తల వెంట్రుకలు, ఎవరో కొరికి ఊసిన గోళ్ళు. తల ఆనించిన చోటల్లా కిటికీ అద్దం మీద నుదుటి జిడ్డు. చెబుతుంటేనే నాకు ఒళ్ళు జలదరిస్తోంది.

అలాంటి వ్యాన్ తెల్లారేసరికి తళతళలాడాలి. ఎందుకంటే ఆసుపత్రి గేటు దగ్గర ఒక సూపర్‌వైజర్ ఉంటాడు. మేం ఇంట్లో అతన్ని కొంగ అనుకుంటాం. బండి ఆగగానే పొడుగాటి మెడ లోపలికి దూర్చి, ముక్కు ఎగబీల్చి వాసన చూస్తాడు. తేడా వస్తే బండిని వెనక్కి పంపేస్తాడు. ఒకసారి అలా పంపేశాడు కూడా. ఇంకోసారి పంపితే ఆ పని వేరే బండికి పోతుంది. మా ఇంట్లో పొయ్యి వెలిగేదే ఆ వ్యాన్ మీద.

మరి కడుక్కోవచ్చు కదా అంటారు. అక్కడికే వస్తున్నా. ఊరికి నీళ్ళిచ్చే చెరువు అడుగంటిందని, సబ్బు నీళ్ళు వాన కాలవల్లోంచి పోయి ఆ ఉన్న కాసిని నీళ్ళనీ పాడుచేస్తున్నాయని, మునిసిపాలిటీ వాళ్ళు ఇళ్ళ దగ్గర బండ్లు కడగడం నిషేధించారు. పైపు పెట్టకూడదు, బక్కెట్టుతో కుమ్మరించకూడదు. వాడిన నీళ్ళని శుభ్రం చేసి మళ్ళీ వాడే షాపు ఊరి చివర ఒకటుంది, కడిగించుకునేవాళ్ళు అక్కడికే పోవాలి. అది తెరిచేసరికి మా ఆయన రెండో ట్రిప్పులో ఉంటాడు, మూసేసరికి ఆఖరి ట్రిప్పులో ఉంటాడు. సెలవు రోజున వెళ్దామంటే బండ్ల వరస వీధి మలుపు దాటి ఉంటుంది. రూలు మంచిదే, నేను కాదనను. అందరికీ తాగడానికి నీళ్ళుండాలి. నాకు రోత పుట్టించేది రూలు కాదు, దాన్ని చంకన పెట్టుకుని తిరిగే మనిషి.

ఆయన మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ. రెండో అంతస్తులో ఉంటాడు. ఆయనకో కొత్త కారుంది. దానికి తెల్లటి ముసుగు, ఆ ముసుగుకి దుమ్ము పడుతుందని దాని మీద ఇంకో ముసుగు. ఆ కారు రోడ్డు మొహం చూసేది ఏ పండక్కో పబ్బానికో. ఈయన మాత్రం రోజూ పొద్దున్నే కిందికి దిగి, మా వ్యాన్ పక్కన వంగి, దాని కింద నేల తడిమి, ఆ వేలు వాసన చూసుకుంటాడు. ఒకసారి వ్యాన్ ఏసీ నుంచి కారిన నీటి మరకకి ఫొటో తీసి మా తలుపుకి నోటీసు అంటించాడు.

"అవి ఏసీ నీళ్ళు సార్" అన్నాడు మా ఆయన.

"నీళ్ళు నీళ్ళే కదయ్యా. ఇంకోసారి తడి కనిపిస్తే బండి బయట పెట్టుకో."

బయట వీధిలో పెడితే తెల్లారేసరికి పోలీసులు లాక్కుపోతారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

అందుకని మా ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. గుడ్డలు ఇంట్లోనే తడిపి, చుక్క కారకుండా పిండి, నీలం బక్కెట్టులో పెట్టుకుని కిందికి వెళ్తాడు. వ్యాన్ పైకప్పుతో మొదలుపెట్టి చక్రాల దాకా వస్తాడు. గుడ్డని మడతలు పెట్టి, ఒక్కో మడత ఒక్కసారే వాడి, మురికైన వైపు లోపలికి తిప్పేస్తాడు. అద్దాలకి పాత బనీన్లు, సీట్లకి నా పాత నైటీలు, చక్రాలకి దుప్పటి ముక్కలు. కింద చుక్క పడదు. అపార్ట్‌మెంట్‌లో అందరూ ఆయన్ని తుడుపుల డ్రైవరు అని నవ్వుకుంటారు. వాళ్ళతో పాటు ఆయనా నవ్వుతాడు. ఆయనకి సిగ్గూ లేదు, అసహ్యమూ లేదు. దేవుడు ఆ రెండూ నాకే ఇచ్చి పంపాడు.

ఇంతకీ ఆ మురికంతా ఎక్కడికి పోయినట్టు? బక్కెట్టులో కూర్చుని, మూత పెట్టుకుని, మూడంతస్తుల మెట్లెక్కి మా బాత్రూంకి వస్తుంది. లిఫ్టులో ఆ బక్కెట్టు తేకూడదని సెక్రటరీ ఉత్తర్వు. బండి కడగకూడదు గానీ, గుడ్డలు ఉతుక్కోకూడదని ఏ రూల్లోనూ లేదు. ముక్కుకి గుడ్డ కట్టుకుని, చేతులకి ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని, వేడినీళ్ళలో బట్టల సోడా వేసి నేనే ఉతుకుతాను. ఆ నీళ్ళు టాయిలెట్లో పోస్తాను. ఆ తరవాత అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగదు. ఆయన మాత్రం నా ఎదురుగా కూర్చుని వేళ్ళు నాక్కుంటూ తింటాడు. "చేతులు కడుక్కున్నారా?" అంటే "ఇదుగో చూడు" అని రెండు చేతులూ చాపుతాడు. కడిగిన చేతుల్ని చూసినా నాకు రోతే.

మొన్న ఎండాకాలంలో సెక్రటరీ తల్లికి కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఆవిడనీ అదే ఆసుపత్రికి తీసుకెళ్ళాలన్నారు. ఇంట్లో కొత్త కారుంది, నడపడానికి కొడుకుగా తనున్నాడు. అయినా ఆయన వచ్చి మా తలుపు కొట్టాడు.

"నువ్వు ఎలాగూ వెళ్తున్నావుగా, అమ్మని కూడా ఎక్కించుకో. వచ్చేటప్పుడు ఆవిడకి వాంతులవుతాయంటున్నారు. మా కారు సీట్లు చూస్తే కొత్తవాయె."

కన్నతల్లి గురించి ఆ మాట అనడానికి ఆయన నోరు తడబడలేదు. "దానికేముంది సార్" అన్నాడు మా ఆయన. తలుపు వేశాక నేను ఊరుకోలేదు.

"ఆయన సీట్లు కొత్తవైతే మనవేమన్నా చెత్తకుండీలా?"

"ఆవిడేం చేసిందే పాపం" అన్నాడు.

ఆవిడ నిజంగానే ఏమీ చేయలేదు. బక్కపల్చటి మనిషి. వ్యాన్ ఎక్కేముందు చెప్పులు విప్పి దులిపి మళ్ళీ తొడుక్కునేది.

ఒకరోజు సాయంత్రం వ్యాన్ గేటులోకి వచ్చి ఆగింది గానీ ఎంతసేపటికీ ఎవరూ దిగలేదు. నేను కిందికి వెళ్ళాను. మెట్ల దగ్గరికే వాసన కొట్టింది. పెద్దావిడకి వాంతయింది. దానితో పాటు కడుపు కూడా పట్టు తప్పి, అంతా బట్టల్లోనే అయిపోయింది. సీటు మీది నుంచి కింద మ్యాట్ దాకా అదే. ఆవిడ కళ్ళు మూసుకుని కూర్చుంది. అది నిద్ర కాదని చూస్తేనే తెలుస్తోంది. సెక్రటరీ వచ్చి, రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, దూరం నుంచే "అమ్మా, దిగు" అన్నాడు. ఎలా దిగుతుంది? మా ఆయనే ఆవిడ చుట్టూ దుప్పటి చుట్టి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, లిఫ్టులో తీసుకెళ్ళి వాళ్ళింట్లో దింపి వచ్చాడు. తలుపులు తెరిచి పట్టుకునే పని కూడా ఆ కొడుకు నాకే వదిలేశాడు.

మళ్ళీ కిందికి వచ్చాక సెక్రటరీ మా ఆయన్ని పక్కకి పిలిచాడు. "ఏమయ్యా, ఈ ఒక్కసారికి నీళ్ళు పోసి కడుక్కో. నేను చూడనట్టు ఉంటాలే."

మా ఆయన గేటు పక్కనున్న వాన కాలవ వైపు చూశాడు. "వద్దు సార్. నీళ్ళు పోస్తే ఇదంతా అందులోకే పోతుంది. గుడ్డలతోనే చేసుకుంటా."

నాకు ఒళ్ళు మండిపోయింది. "పొయ్యమంటున్నాడు కదా, పొయ్యకూడదూ? రేపు పొద్దున్న కొంగకి వాసన తగిలితే మన గతేంటి?" అన్నాను.

"తగలనివ్వనులే" అన్నాడు, చొక్కా చేతులు మడుచుకుంటూ.

చీకటి పడేదాకా తుడిచాడు. ఇంట్లో ఉన్న పాత గుడ్డలన్నీ అయిపోయాయి, నేను వాడుకునే తువ్వాలు కూడా అయిపోయింది. సీటు కుట్లలో పాత టూత్‌బ్రష్‌తో గీకాడు. అయినా కింద ఒక్క చుక్క పడలేదు. సెక్రటరీ పై నుంచి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు.

బక్కెట్టు నిండిపోయి మూత పట్టలేదు. మెట్ల మీద నేను దాన్ని ఆయన చేతిలోంచి లాక్కున్నాను. "ఇవి నేను ఉతకను. ఎవరివి వాళ్ళకే ఇచ్చొస్తాను" అన్నాను. "వద్దే, ఊరుకో" అంటున్నా వినకుండా రెండో అంతస్తులో ఆగి బెల్లు కొట్టాను. అనాల్సిన మాటలు నోట్లో సిద్ధంగా ఉన్నాయి. బండి కడగకూడదన్నారు గానీ గుడ్డలు ఉతకకూడదనలేదుగా, మీ అమ్మగారివి మీ బాత్రూంలోనే ఉతుక్కోండి అందామని.

తలుపు తీసింది పెద్దావిడ. స్నానం చేసినట్టుంది, జుట్టు తడిగా ఉంది. నిలబడే ఓపిక లేక గోడ పట్టుకుంది. లోపల కొడుకు ఫోన్లో వాచ్‌మన్‌తో, లిఫ్టులో వాసన పోయే మందు కొట్టమని చెబుతున్నాడు. ఆవిడ నా మొహం చూడలేదు, బక్కెట్టునే చూసింది. వంగి దాని పిడి మీద చెయ్యి వేసింది. సూది గుచ్చిన చోట ఆ చేతికి ఇంకా పట్టీ ఉంది.

"ఇలా ఇవ్వమ్మా, నేను ఉతుకుతాను. నీకు అసహ్యం కదూ" అంది, కొడుక్కి వినపడకుండా.

పిడి ఆవిడా వదల్లేదు, నేనూ వదల్లేదు.

"ఇవి మీవి కాదు పెద్దమ్మగారూ, ఇంకెవరివో. మీకెలా ఉందో కనుక్కుందామని ఆగాను" అన్నాను.

నమ్మలేదని తెలుస్తూనే ఉంది. కానీ చెయ్యి తీసింది.

పైకి వెళ్ళి అన్నీ ఉతికాను. దయ పుట్టుకొచ్చి అసహ్యం పోయిందనుకోకండి, మధ్యలో లేచి వాంతి చేసుకున్నాను. కానీ ముక్కుకి గుడ్డ కట్టుకోబోతే సెక్రటరీ రుమాలు గుర్తొచ్చి కట్టుకోబుద్ధి కాలేదు.

మర్నాడు కొంగ మెడ దూర్చి, వాసన చూసి, లోపలికి పొమ్మని చెయ్యి ఊపాడట. ఆ తరవాత పెద్దావిడ మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళే రోజు వచ్చింది. మా ఆయనకి అన్నం డబ్బా ఇవ్వడానికి నేనూ కిందికి దిగాను. ఆవిడ చెప్పులు దులుపుకుని వ్యాన్ ఎక్కబోతూ, చంకలోంచి ఒక సంచీ తీసి మా ఆయనకి ఇచ్చింది. తన నైటీలు చక్కగా ఉతికి, చతురస్రాలుగా చింపి, మడతలు పెట్టి తెచ్చింది.

"నా వల్ల మీ గుడ్డలన్నీ అయిపోయాయి కదా బాబూ" అంది.

మా ఆయన ఆ సంచీని రెండు చేతులతో అందుకుని డ్రైవరు సీటు పక్కన పెట్టుకున్నాడు. వ్యాన్‌కి అవతలి పక్కన ఆవిడ కొడుకు వంగి, నేల తడిమి, వేలు వాసన చూసుకుంటున్నాడు.