మొగులమ్మ రొట్టె చప్పుడు

తాండూరులో నేల తవ్వితే బండ వస్తుంది, మొగులమ్మ పొయ్యి ముందు కూర్చుంటే సజ్జరొట్టె వస్తుంది. రెండింటిలో ఏది గట్టిదో ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు. బండల గనిలో పనిచేసే లతీఫ్ మాత్రం తాను తేల్చేశానంటాడు. ఏటా ఎల్లమాస నాడు మొగులమ్మ చేనుకి వచ్చి, రొట్టెను అటూ ఇటూ తిప్పి చూసి, "అక్కా, దీనికి జర పాలిష్ పట్టిస్తే ఇంట్ల పరుసుకోవచ్చు" అంటాడు. అని ఊరుకుంటాడా? నాలుగు తిని, రెండు ఇంటికి పట్టుకుపోతాడు.

ఎల్లమాస అంటే సంక్రాంతికి ముందొచ్చే అమావాస్య. ఆ రోజు ఇంట్లో కూర్చుని తినడమంటే పరువు తక్కువ. జొన్న, కంది చేల నడుమ చాపలు పరిచి తినాలి, దారిన పోయేవాణ్ణి కూడా పిలిచి పెట్టాలి. అంతమందికి ఆ ఒక్క పొద్దున ఎవరు వండిపోస్తారు? అందుకే మొగులమ్మ వారం ముందే మొదలుపెడుతుంది. సజ్జపిండిని వేడినీళ్లతో పిసికి, నువ్వులద్ది, పలచగా తట్టి, పెనం మీద కాల్చి, నిప్పుల పక్కన నిలబెట్టి చుక్క తేమ లేకుండా ఎండబెడుతుంది. మూటగట్టి దూలానికి వేలాడదీస్తే నెలైనా చెక్కుచెదరవు. కాస్త మెత్తగా చేయరాదా అని ఎవరైనా నోరుజారితే, వాళ్ల తాతముత్తాతలందరినీ చేనులోకి లాక్కొచ్చి కడుగుతుంది.

చేనులో తొలి రొట్టె ఆమే కొరకాలి. పంతులు చెప్పలేదు, పంచాంగంలో లేదు, ఆమె పెట్టిందే ఆచారం. పాండవులని ఐదు రాళ్లకు సున్నం పూసి, వాళ్ల ముందు నైవేద్యం పెట్టి, అందరూ కూర్చున్నాక మొగులమ్మ రొట్టెను పళ్ల కింద పెట్టి కటుక్కుమనిపిస్తుంది. పక్క చేనువాళ్లు కూడా "అగో, మొగులమ్మ కొరికింది" అని అప్పుడే తిండికి కూర్చుంటారు.

ఆ పళ్ల పొగరుతోనే ఒక ఏడు తోటికోడలు వెంకటమ్మను నానామాటలూ అంది. వెంకటమ్మ ఆమెకంటే పెద్దది, అప్పటికే నోట్లో పళ్లన్నీ పోయాయి. పాపం, రొట్టెముక్కను అంబలిలో నానబెట్టుకుంటోంది. అది చూసి మొగులమ్మ అందరికీ వినపడేలా, "పండ్లు లేనోళ్లకు పండుగెందుకక్కా? ఇంట్ల జావ తాగి పండరాదు?" అంది. చేనంతా నవ్వింది. వెంకటమ్మ కూడా నవ్వింది. మరుసటి ఏడు నుంచి మాత్రం వికారాబాద్ దాటి రాలేదు. ఆమె భర్త నర్సింహులుకు అక్కడ రైల్వేలో కొలువు. పండక్కి ఆయన ఒక్కడే రైలు దిగి, ఆమెకు మోకాళ్ల నొప్పులని చెప్పి, తమ్ముడు, అంటే మొగులమ్మ మొగుడు, కిష్టప్ప పక్కన కూర్చుని తిని వెళ్లిపోయేవాడు.

మొగులమ్మకు లోపల తెలుసు, అవి మోకాళ్ల నొప్పులు కావని. కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఆమెకు రొట్టె తట్టడం నేర్పింది వెంకటమ్మే. ఆమె రావడం మానినకాడి నుంచి సరిగా కొట్లాడటానికి కూడా ఇంట్లో మనిషి లేకుండా పోయింది. కిష్టప్పతో ఏం కొట్లాడతాం, రెండో మాటకే తువ్వాల భుజాన వేసుకుని వెళ్లిపోతాడు.

ఎనభైమూడులో ఎల్లమాసకు ఎప్పటిలాగే వారం ముందు పెనం ఎక్కింది. తొలి వాయి రొట్టె ఎండిందో లేదో చూద్దామని మొగులమ్మ కొరికింది. కటుక్కుమంది. విరిగింది రొట్టె కాదు, పన్ను. ఎడమ వైపు దవడపళ్లు ఎప్పుడో పోయాయి, కుడి వైపు మిగిలిన ఆ ఒక్కటీ ఇప్పుడు పోయింది. దాన్ని బూడిదలో పూడ్చి, నోరు పుక్కిలించి, కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏమైందే?" అన్నాడు కిష్టప్ప.

"నాలిక కరుసుకున్న."

"మంచిదే అయింది. జరసేపు ఇల్లు సల్లగుంటది" అని ఆయన బీడీ ముట్టించాడు.

ఆ సాయంత్రమే వికారాబాద్ నుంచి కబురొచ్చింది. ఈసారి వెంకటమ్మ కూడా వస్తోందట. మొగులమ్మ కొంగు ఇంకాస్త పైకి లాక్కుంది. ఊరంతా నవ్వితే నవ్వనీ, తిరిగి నాలుగు అనొచ్చు. వెంకటమ్మ నవ్వితే ఏమనాలి? ఆమె నవ్వడం న్యాయం కూడా, అదే అసలు బాధ. మెత్తటి రొట్టెలు చేద్దామా అనుకుంది గానీ, చేస్తే ఎందుకు చేశావని ఊరు అడుగుతుంది. దవడ సలుపుతుంటే తనను తానే తిట్టుకుంటూ గట్టివే చేసింది.

పండగ ముందు రోజు నర్సింహులూ వెంకటమ్మా దిగారు. వెంకటమ్మ ఏమీ జరగనట్టే వంటింట్లో చొరబడి, వంకాయ, అనుములు, పచ్చి శనగలు వేసి భజ్జికూర తిప్పింది. సాయంత్రం తిండి దగ్గర మొగులమ్మ రొట్టె జోలికి పోకుండా మజ్జిగన్నం మెత్తగా పిసికి మింగింది. తర్వాత పెరట్లో రోట్లో ఏదో దంచుతున్న చప్పుడు వినపడింది. ముసలిది తన రొట్టెను పొడి చేసుకుంటోందని మొగులమ్మకు అర్థమైంది. ఈసారి నవ్వు రాలేదు.

మరునాడు చేనులో పాండవులకు సున్నం పడింది, నైవేద్యం పడింది. వీళ్లే నయం, ఎదురుగా పెడితే చాలు, నమలమని ఎవరూ అడగరు అనుకుంది మొగులమ్మ ఆ రాళ్లను చూసి. అందరూ కూర్చున్నారు.

"కానియ్యక్కా, కడుపుల ఎలుకలు ఉరుకుతున్నయ్" అన్నాడు లతీఫ్.

మొగులమ్మ కొంగు ముఖానికి అడ్డం లాక్కుని, దాని చాటున రొట్టెను రెండు చేతులతో విరిచింది. కటుక్కుమంది! అందరూ ఆహా అన్నారు. ముక్క నోట్లోకి పోయింది, అక్కడే నిలిచిపోయింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఉమ్మలేదు, మింగలేదు. తలెత్తి చూస్తే వెంకటమ్మ తననే చూస్తోంది. అయిపోయింది, ఇక పరువు పోయింది అనుకుంది.

వెంకటమ్మ మోకాళ్ల మీద చెయ్యి పెట్టి లేచింది. "ఓ మొగులీ, నాకు గా కందిచేను నీడల కూసుండి తినబుద్ధయితుంది. ఒక్కదాన్ని ఎట్ల పోవాలె? జర తోడు రా" అంది.

కందిసాళ్ల వెనక్కి పోయాక మొగులమ్మ ముక్కను మట్టిలో ఊసింది. వెంకటమ్మ తన వెంట తెచ్చిన గిన్నె మూత తీసింది. దంచిన రొట్టె, రాత్రంతా భజ్జికూరలో నాని వెన్నలా ఉంది. ఒక్క మనిషికి అంత ఎందుకు?

"ఇద్దరికని నానబెట్టిన" అంది వెంకటమ్మ. "నిన్న నువ్వు బువ్వ పిసుకుతుంటెనే సమజైంది."

మొగులమ్మ గిన్నె వైపే చూస్తూ అంది: "అక్కా, ఆనాడు నేను గట్ల అనకుంటె మంచిగుండె."

"అవ్, మంచిగుండె. ఏడ్సిన నేను, రైల్ల కూసోని వికారాబాద్ దాంక ఏడ్సిన" అంది వెంకటమ్మ దాపరికం లేకుండా. "ఇగ తిను, ఈగలొస్తున్నయ్."

తిన్నారు. వేళ్లు నాకారు. ఉప్పు తక్కువైందని మొగులమ్మ అంటే, నీ నాలిక పోలేదు గదా ఇంకా అని వెంకటమ్మ గిల్లింది.

చాపల దగ్గర్నుంచి లతీఫ్ కేక వేశాడు: "మొగులక్కా, నువ్వు కొరికేటప్పుడు సరిగ ఇనలే! ఇంకొక్కసారి కొరుకు, ఇనిపియ్యి!"

మొగులమ్మ బిక్కచచ్చి చూసింది, చేతిలో రొట్టె లేదు. వెంకటమ్మ తన ఒడిలోంచి ఒక రొట్టె తీసి, కొంగు కప్పి, బలంగా విరిచింది. చేనంతా మోగింది.

"శెభాష్, మొగులక్క పండ్లు ఇనుము!" అని అరిచాడు లతీఫ్.