సగం లేచిన అద్దం

సాలూరులో ఒకాయన పాత కారు తలుపొకటి మోసుకుంటూ బస్సెక్కి, దాన్ని నా మోకాళ్లకు ఆనించి పక్కన కూర్చున్నాడు. అసలే నాన్న కారు ఎంతకీ బాగుపడక, తుక్కుకి ఇచ్చేద్దామన్న విసుగులో ఉన్నాను. పైగా ఇదొకటి.

కొండ మీద కాఫీ పండిస్తాడట. కారు ఏళ్లుగా బాగుచేసుకుంటున్నాడట. ఇంజను నడుస్తోంది, ఈ తలుపొక్కటే మిగిలిందట.

"తలుపు లేకుండానే నడపొచ్చుగా!" అని కసిరాను.

"పండగ సేసి అమ్మోరికి పెట్టకండా కొత్త మామిడికాయ కొరుకుతామేటి బాబూ? అన్నీ అయినాకే ఎక్కాల."

ఘాట్‌లో వాన అందుకుంది. నా పక్క కిటికీకి అద్దం లేదు. ఆయన ఆ తలుపునే ఎత్తి కిటికీకి అడ్డం పెట్టి, హ్యాండిల్ తిప్పాడు. తలుపులోని అద్దం సగం దాకా లేచి బిగుసుకుపోయింది. నేను నిలువునా తడిసిపోయాను.

"మళ్లీ సాలూరెల్లాల," అని పళ్లు కొరికి, బస్సు ఆపించి, తలుపు నెత్తిన పెట్టుకుని ఆ వానలోనే దిగిపోయాడు.

నాన్న కారు ఇప్పటికీ కదల్లేదు. తుక్కు కొనేవాడు ఫోన్ చేసినప్పుడల్లా మాత్రం కసిరి పెట్టేస్తున్నాను.