కంప్యూటరు కోసం ఇళ్ళు కొలిచినప్పుడు

మదనపల్లెలో నేను ఇళ్ళకు ఆయం, అంటే కొలతల మంచిచెడ్డలు, చూస్తాను. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. మేస్త్రీల వెనక తిరిగి, చిత్తు కాగితాల మీద వేసి వేసి పట్టుకున్న విద్య. లెక్క పెద్దదేమీ కాదు. ఇంటి పొడవును వెడల్పుతో హెచ్చించి, వచ్చినదాన్ని తొమ్మిదితో హెచ్చించి, ఎనిమిదితో భాగించాలి. ఒకటి మిగిలితే ధ్వజాయం, చాలా మంచిది. మూడు మిగిలితే సింహాయం, అదీ మంచిదే. ఏమీ మిగలకపోతే కాకాయం. అంతకంటే చెడ్డది లేదు. తొమ్మిదితో హెచ్చించకపోయినా శేషం అదే వస్తుందని నేను ఏనాడో కనుక్కున్నాను. అయినా హెచ్చిస్తూనే ఉన్నాను. తొమ్మిదిని వదిలేస్తే లెక్క మరీ తొందరగా తేలిపోతుంది, అంత తొందరగా తేలిన ఇంట్లో కాపురం పెట్టడానికి ఎవరికీ ధైర్యం చాలదు.

నాకొక పద్ధతి ఉంది. ఒకరికి ఇంటి కొలత చెప్పేశాక ఆ అంకెలను తలలోంచి తీసేస్తాను. ఒక ఇంటి అంకె ఇంకో ఇంటి మీద పడకూడదు. ఆ మధ్య హార్స్లీ హిల్స్‌లో ఎవరో కాటేజీలు కడుతూ నన్ను పిలిస్తే పైన కొన్నాళ్ళు ఉండి వచ్చాను. కొండ దిగేటప్పుడు మలుపు మలుపుకూ ఒక్కో కాటేజీని మర్చిపోతూ దిగాను. ఇంటికొచ్చి కంప్యూటరు ముందు కూర్చుంటే దాని పాస్‌వర్డు కూడా ఏదో మలుపులో జారిపోయిందని తెలిసింది.

తప్పు కొడితే అది ఒక సూచన చూపిస్తుంది. పాస్‌వర్డు పెట్టిన రోజు నేనే రాసిన సూచన: ‘ఇంటి కొలత’.

మా ఇల్లు ఇరవై ఏడడుగులకు ముప్పై మూడు. సింహాయం. పొడవు ముందు పెట్టి ఒకసారి, వెడల్పు ముందు పెట్టి ఒకసారి కొట్టాను. కాదంది. అనుమానం వచ్చి టేపు తీసి ఇల్లు మళ్ళీ కొలిచాను. ఇల్లు మారలేదు.

మా అమ్మాయి అంగళ్ళ దగ్గర ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఆమె ప్రాజెక్టు మొత్తం ఆ కంప్యూటరులోనే ఉంది, సోమవారం కాలేజీలో ఇచ్చెయ్యాలి. ఇవ్వకపోతే ఆ ఏడాది పోయినట్టే. పెన్‌డ్రైవ్‌లో ఉన్నది సగమే. నేను టేపు పట్టుకుని గది మూలల్లో వంగుతుంటే ఆమె తలుపు దగ్గర నిలబడి చూసింది.

“నాయనా, పాస్‌వర్డు పోతే ఎవరైనా గోడలు కొలస్తారా?”

“సూచన అట్ట ఉండాదే మ్మా.”

“నా పేరు పెట్టుకోని ఉంటే సరిపోతా ఉండె గదా!”

“పేరుకు ఆయం రాదు,” అన్నాను. అది నిజమే. కానీ అప్పుడు చెప్పాల్సిన మాట కాదని ఆమె ముఖం చూశాక తెలిసింది.

బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే భాయి ఉన్నాడు. పెట్టెను సంకన పెట్టుకుని ఆటోలో తీసుకుపోయాను. ఆయన తిప్పి చూసి, వైర్లు తగిలించి, నా వైపు జాలిగా చూశాడు.

“అన్నా, ఫార్మాట్ కొడితే మధ్యాన్నానికి ఇచ్చేస్తా. లోపల ఉండేదంతా పోతాది.”

“పోకుండా?”

“పోకుండా అంటే పాస్‌వర్డే కావల్ల. డిస్కుకు గూడా తాళమేసి పెట్టినావే! ఆ తాళం తీసే నంబరు దాచిపెట్టుకోమని అది అడిగింటాదే?”

అడిగింది. వద్దన్నాను. తాళంచెవిని కాగితం మీద రాసిపెట్టుకునేవాడు తాళమెందుకు వెయ్యాలని ఆ రోజు నా వాదన.

“భలే జాగ్రత్త అన్నా నీది,” అన్నాడు భాయి. “నీ ఇంట్లో నువ్వే దూరలేకుండా కట్టుకున్నావు.”

మనిల్లు అనుకోదగ్గవి ఇంకా రెండున్నాయి, రెండింటికీ కొలత చెప్పింది నేనే. పుంగనూరులో మా బావమరిది ఇల్లు, కుప్పంలో మా చెల్లెలి ఇల్లు. ఫోను చేసి అడిగితే బావమరిది “ముప్పైకి నలభై ఉంటాది బావా, అటో ఇటో” అన్నాడు. అటో ఇటో అన్న అంకెను కంప్యూటరు ఒప్పుకోదు. చెల్లెలు “నువ్వు చెప్పిందే గదన్నా కట్టింది” అని, వెంటనే టమోటా ధర ఎంతుందని అడిగింది. ఆ తొందర నాకు వింతగా తోచింది. ఎందుకని అప్పుడు అడగలేదు.

శనివారం పొద్దున్నే టేపు సంచిలో వేసుకుని పుంగనూరు బస్సెక్కాను. బావమరిది ఇంట్లో లేడు. ఆయన భార్య కాఫీ ఇచ్చి వంటింట్లోకి పోయేలోపే నేను ఇంటి ముందు పంచ చివర టేపు కొనను ఇటుకతో అదిమిపెట్టి కొలవడం మొదలుపెట్టాను. కిటికీలోంచి ఆమె చూసింది. నేను గోడ మూలకు చాక్‌పీసుతో గీత గీయడం కూడా చూసింది. కాసేపటికి మా ఇంటినుంచి నా భార్య ఫోను.

“ఏమయ్యా, మా పుట్టింట్లో నాకు వాటా అడగతాండావా?”

“యాల అడగతాను? కొలస్తాండా.”

“గోడకు గీత గీసినావంట! మా మరదలు ఏడస్తాండాది. మా తమ్మునికి గూడా ఫోను పోయింది.”

బావమరిది స్కూటరు మీద రొప్పుతూ వచ్చాడు. కంప్యూటరు సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు నన్నూ టేపునూ మార్చి మార్చి చూశాడు. “బావా, వాటా కావాలంటే అడుగు, ఇస్తాం. ఇట్టాంటి కతలు చెప్పొద్దు,” అన్నాడు. ఆ గీతను వాళ్ళావిడ తడిగుడ్డతో తుడిచేదాకా నన్ను గడప దాటనివ్వలేదు. ముప్పై ఒకటికి ముప్పై తొమ్మిది, ధ్వజాయం. ఫోనులో చెబితే అమ్మాయి కొట్టి చూసింది.

“కాదంట నాయనా. ఇంగ తప్పు కొడితే ఆగి రమ్మంటాది.”

“తిరగేసి కొట్టు.”

“అదీ కొట్టినా.”  మెల్లగా, “సోమవారం నాయనా,” అంది.

పలమనేరులో బస్సు మారి కుప్పం చేరేసరికి సాయంత్రమైంది. చెల్లెలు నన్ను చూసి సంతోషించింది, సంచిలోంచి టేపు బయటికి రాగానే ఆ సంతోషం తగ్గింది. “కాళ్ళు కడుక్కో, అన్నం తిను, పొద్దున కొలుద్దువులే,” అంది. నేను వినలేదు. ముప్పై మూడడుగులు ఒక వైపు. రెండో వైపు నలభై. మళ్ళీ పట్టాను. నలభై. టేపు సాగిందేమోనని వెనకనుంచి పట్టాను. నలభై.

మనసులోనే లెక్క వేశాను. ఏమీ మిగలలేదు. నా చెల్లెలు ఇన్నేళ్ళుగా కాకాయంలో కాపురం చేస్తోంది.

“ఇది నేను చెప్పిన కొలత కాదు,” అన్నాను. సరిసంఖ్యను నేను ఎవరికీ చెప్పను. ఒక్క వైపు సరిసంఖ్య ఉన్నా శేషం సరిసంఖ్యే వస్తుంది, మంచి ఆయం రాదు.

చెల్లెలు పంచ మెట్టు మీద కూర్చుంది. “పక్కన ఆ గ్రానైట్ దిమ్మె సూడన్నా. క్వారీ వాళ్ళు యాడికో తోలుకోని పోతా ఈడ దించినారు. క్రేను లేకుండా కదలదు, క్రేను వాడు రాలేదు. మేస్త్రీ ఒగ అడుగు లోపలికి కట్టేసినాడు.”

“నాకు చెప్పొద్దా?”

“చెప్తే బతకనిస్తావా? పిల్లోళ్ళకు జలుబు చేసినా కాకాయం అంటావు. నువ్వు లెక్కలేసేది సూసి సూసి నాకు గూడా వచ్చులే. గృహప్రవేశం నాడే వేసుకున్నా, సున్న వచ్చె. పాయసం పొంగె, తిన్యాము.”

నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. దిమ్మె ఇంకా అక్కడే ఉంది, దాని మీద వడియాలు ఎండబెట్టారు. అప్పుడే తలకు తట్టింది. నేను కొలవాల్సింది గోడలను కాదు. కంప్యూటరుకు నేను చెప్పింది కట్టిన కొలత అయ్యుండదు, ఇచ్చిన కొలత అయ్యుంటుంది. మేస్త్రీ కోసిన అడుగును కలిపాను. ముప్పై మూడుకు నలభై ఒకటి. ఒకటి మిగిలింది. ధ్వజాయం.

అమ్మాయికి ఫోను చేశాను. “మూడు, మూడు, నాలుగు, ఒకటి.”

అవతల మీటలు నొక్కిన చప్పుడు. తర్వాత ఒక కేక. వెనకే నా భార్య గొంతు: “వాళ్ళ గోడకు గూడా గీత గీసినాడా ఏమి, అడుగు!”

చెల్లెలు నా చేతిలోంచి టేపు తీసుకుని, చుట్టి, సంచిలో పెట్టింది. ఆ రాత్రి కాకాయంలో అన్నం తిని పడుకున్నాను. నిద్ర బాగానే పట్టింది.

సోమవారం అమ్మాయి ప్రాజెక్టు ఇచ్చేసింది. సాయంత్రం కంప్యూటరు తెరవబోతే నా నంబరు చెల్లలేదు. పాస్‌వర్డు మార్చింది.

“ఏం పెట్టినావు మ్మా?”

“మూడు, మూడు, నాలుగు, సున్న.”

“అది కాకాయం!”

“కట్టిండే కొలత నాయనా. నువ్వు చెప్పింది నువ్వు మర్చిపోతావు. కట్టింది యాడికీ పోదు. మళ్ళా మర్చిపోతే మేనత్త ఇంటికి పోయి టేపు పట్టుకుంటే సాలు.”

 మార్చమని మూడు రోజులు అడిగాను, తర్వాత మానేశాను. ఇప్పుడు పొద్దున్నే స్నానం చేసి, కొట్టాల్సిన ఆ నాలుగు అంకెలూ కొట్టి, ఇతరుల ఇళ్ళకు ధ్వజాయం వెతకడానికి కూర్చుంటాను. అప్పుడప్పుడు చెల్లెలికి ఫోను చేసి ఆ దిమ్మె ఇంకా అక్కడే ఉందా అని కనుక్కుంటాను. దాన్ని తీసేసి గోడ ముందుకు జరపొద్దని మాత్రం గట్టిగా చెప్పాను.